వానకాలపు పచ్చిక తెగుళ్లు: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు

తొలకరి జల్లు పడిన వారము దినములలో గరిక పచ్చబడును. వేసవి యంతయు ఎండి దుమ్ముకొట్టుకొనియున్న పాఠశాల ఆటస్థలము, పంచాయతీ కార్యాలయపు ముంగిలి, ఊరి పార్కు కన్నులపండువగా మారును. అయితే శ్రావణ భాద్రపదములు వచ్చుసరికి ఆ పచ్చదనములో అక్కడక్కడ పసుపు, గోధుమరంగు మచ్చలు పొడచూపుట పలు గ్రామములలో మేము చూచుచున్నాము. మచ్చ మొదట అరచేయి యంత యుండును. వారము గడచుసరికి చాట యంత యగును. మరి రెండు ముసురులు పట్టినచో గడ్డి పోయి నేల బయటపడును.

నందిగామ, కంచికచర్ల, జగ్గయ్యపేట ప్రాంతములు 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరియున్నవి. ఈ మెట్ట ప్రాంతములో చాల భాగము నల్లరేగడి నేల. ఈ నేలపై గడ్డి యున్నంతవరకు అది పరుపు వంటిది. గడ్డి పోయినచో వానలో మోకాలిలోతు బురద, ఎండలో పాదము దూరు నెరియలు. అట్టి ఆటస్థలములో పిల్లలు ఆడుకొనజాలరు. మరల గడ్డి నాటించుటకు పంచాయతీ సొమ్ము వెచ్చింపవలెను. కావున పచ్చిక తెగులు చూచుటకు చిన్న విషయమైనను, అది ప్రజల ధనమునకు, పిల్లల ఆటకు సంబంధించిన విషయము.

ఒక గ్రామపు అనుభవము

ఈ ప్రాంతమందలి యొక గ్రామములో పాఠశాల ఆటస్థలమునందు గడ్డి పసుపుబారెను. బలము చాలలేదని యెవరో చెప్పగా యూరియా చల్లించిరి. నాలుగు దినములలో మచ్చలు రెండింతలయ్యెను. పిమ్మట వరిపై పాముపొడకు వాడు మందు తెచ్చి రెండుమారులు చల్లించిరి. ఫలము లేకపోయెను. తుదకు ఒక వృద్ధ రైతు, మచ్చలన్నియు ఒకే వరుసలో నున్నవని గమనించి, ఆ వరుస వెంట నడచి చూచెను. మంచినీటి ట్యాంకు రాత్రులందు పొంగి, ఆ నీరు ఆటస్థలము మీదుగా పారుచుండెను. నీటి దారియే తెగులు దారి. గొట్టమును ప్రక్క కాలువకు మళ్లించిన పిదప, పక్షము దినములలో చుట్టునున్న గరిక తీగలు ఆ మచ్చలలోనికి ప్రాకెను.

ఆ యూరియాకు, ఆ మందులకు అయిన వ్యయము వ్యర్థము. తెగులును గుర్తింపక చేసిన చికిత్స అట్లుండును. ఈ వ్యాసములో మేము చెప్పదలచిన ముఖ్య విషయమిదియే: మందు కొనుటకు ముందు తెగులును గుర్తింపవలెను, తెగులును గుర్తించుటకు ముందు నీటి దారిని చూడవలెను.

తెగులు ఎట్లు పుట్టును?

తెగులు పుట్టుటకు మూడు కూడవలెను: తెగులుకు లొంగు మొక్క, తెగులును కలిగించు శిలీంధ్రము, దానికి అనుకూలమైన వాతావరణము. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను తెగులు రాదు.

శిలీంధ్రము నేలలో, ఎండుగడ్డిలో ఎల్లప్పుడు ఉండునదే. దానిని పూర్తిగా నిర్మూలించుట సాధ్యము కాదు. ఇక వాతావరణము. పచ్చికను చంపు ముఖ్యమైన తెగుళ్లకు రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు తగ్గకుండుట, ఆకుపై తడి పది గంటలకు మించి నిలిచియుండుట కావలెను. చలిదేశములలో అట్టి వెచ్చని రాత్రులు వేసవిలో కొన్ని వారములు మాత్రమే యుండును. మన ప్రాంతములో జూను నుండి అక్టోబరు వరకు ఇంచుమించుగా ప్రతి రాత్రియు అట్టిదే. వేడిని మనము తగ్గింపజాలము. వానను ఆపజాలము. మన చేతిలో నున్నది ఒక్కటే: వాన వెలిసిన తరువాత ఆకుపై, నేలపై తడి ఎన్ని గంటలు నిలుచునను విషయము. పచ్చిక రక్షణ యంతయు ఈ గంటల లెక్కలోనే యున్నది.

రైతు ఎరిగిన తెగుళ్లే

పచ్చిక తెగుళ్ల పేర్లు క్రొత్తవిగా తోచవచ్చును గాని, వాటి బంధువులను మన రైతులు చిరకాలముగా ఎరుగుదురు. మిరప నారుమడిలో మొక్కలు మొదలు మెత్తబడి పడిపోవు నారుకుళ్లు తెగులును కలిగించు పిథియం, పచ్చికను ఒక్క రాత్రిలో కుళ్లబెట్టు పిథియం ఒక కుటుంబమునకు చెందినవే. పసుపు దుంపకుళ్లులోను ఈ కుటుంబమునకు పాత్ర కలదు. మన దేశములో మొక్కల తెగుళ్ల శాస్త్రమునకు పునాదివేసిన బట్లరు అను శాస్త్రజ్ఞుడు 1907లోనే ఈ పిథియంపై ఒక గ్రంథము ప్రకటించియుండెను.

అట్లే, వరిలో పాముపొడ తెగులును కలిగించు శిలీంధ్రము రైజోక్టోనియా సొలాని. పచ్చికలో గుండ్రని గోధుమరంగు మచ్చలను కలిగించునదియు ఈ రైజోక్టోనియా జాతియే. గట్ల మీది గడ్డి జాతులపై కూడ ఇది నిలిచియుండగలదు. దీని గింజల వంటి చిన్న ఉండలు నీటిపై తేలి ఒకచోటి నుండి మరియొకచోటికి పోవును. జొన్న ఆకుపై కనబడు తుప్పుకు గరికలోను ఒక బంధువు కలదు. కావున ఊరిలోని అనుభవజ్ఞుడైన రైతును వెంటబెట్టుకొని ఆటస్థలమును చూచినచో సగము పరీక్ష ముగిసినట్లే.

గుర్తించు విధము

ఉదయము సూర్యోదయమైన వెంటనే, మంచు ఆరకముందు పోయి చూడవలెను. మధ్యాహ్నము పోయినచో ముఖ్యమైన గుర్తులు కనబడవు.

1. పిథియం కుళ్లు. ఆకులు నూనెలో ముంచినట్లు నల్లబడి, జిగటగా ఒకదానికొకటి అంటుకొనును. ఉదయము దూదిపింజ వంటి తెల్లని బూజు కనబడును. ఎండ తగులగానే అది అణగిపోవును. మచ్చలు గుండ్రముగా గాక నీరు పారిన దారి వెంట, కోత యంత్రము నడచిన దారి వెంట చారలుగా సాగును. ఇది మిక్కిలి వేగముగా వ్యాపించును. ఒకటి రెండు దినముల ఆలస్యము కూడ నష్టమే.

2. గోధుమ మచ్చ తెగులు. మచ్చ గుండ్రముగా నుండి, అడుగు మొదలు కొన్ని అడుగుల వెడల్పు వరకు పెరుగును. ఉదయమున మచ్చ అంచున పొగరంగు వలయము కనబడుట కలదు. ఆకు మొదట, కాండమును అంటియున్న తొడిమ వద్ద కుళ్లి, లాగగానే సులభముగా ఊడివచ్చును. ముసురు పట్టిన దినములలోను, యూరియా అధికముగా వేసిన చోటను ఇది ఎక్కువ. కొరియన్ గడ్డి దీనికి త్వరగా లొంగును.

3. ఆకుమచ్చ. ఆకులపై నువ్వుగింజ యంత గోధుమ లేక ఊదారంగు మచ్చలు పడి, నడుమ భాగము వెలవెలబోవును. గడ్డి ఒక్కసారిగా చావదు, క్రమముగా పలుచబడును. చెట్ల నీడలోను, గడ్డిని నేలకంట కోసిన చోటను ఇది కనబడును.

4. నాణెపు మచ్చ. రూపాయి బిళ్ల యంత ఎండుగడ్డి రంగు మచ్చలు విడివిడిగా పడి, తరువాత కలిసిపోవును. ఆకుపై అడ్డముగా వెలిసిన పట్టీ, దానికి రెండువైపుల ఎఱ్ఱని గోధుమరంగు అంచు ఉండును. బలము లేని గడ్డికి ఇది త్వరగా సోకును.

5. తుప్పు తెగులు. తెల్లని చేతిరుమాలుతో గడ్డిని రుద్దినచో నారింజరంగు పొడి అంటును. ఇదియు నీరసించిన గడ్డి మీదనే ఎక్కువగా వచ్చును.

ఇచ్చట సభ్యులు ఒక విషయమును శ్రద్ధగా గమనింపవలెను. మొదటి రెండు తెగుళ్లకు యూరియా విషము వంటిది. లేత, మెత్తని ఆకులు పుట్టి తెగులుకు ఆహారమగును. చివరి రెండు తెగుళ్లకు కొద్దిపాటి యూరియాయే మందు. గడ్డి పుంజుకొని మచ్చలను కప్పివేయును. ఒకదానికి ప్రాణము పోయునది మరియొకదానికి ప్రాణము తీయును. అందువలననే గుర్తింపు సగము వైద్యమని మేము చెప్పుచున్నాము.

తెగులు వలె కనబడునవి

పసుపుబారినదెల్ల తెగులు కాదు. గడ్డిని గుప్పిటపట్టి లాగినచో వేళ్లు తెగి చాప వలె పైకి లేచినచో, అడుగున తెల్లని వేరుపురుగు యున్నదేమో త్రవ్వి చూడవలెను. ఆకుల అంచులు కొరికినట్లున్నచో గొంగళిపురుగుల పని. 2018లో మన దేశమునకు వచ్చిన కత్తెరపురుగు మొక్కజొన్నతో పాటు గడ్డి జాతులను కూడ తినును. ఆకు కొనలు మాత్రమే పీలికలై తెల్లబడినచో, కోత యంత్రపు బ్లేడు మొద్దుబారినదని అర్థము. ఈనెలు పచ్చగా నుండి నడుమ మాత్రము పసుపుబారినచో, సున్నము హెచ్చుగా నున్న నల్లనేలలలో ఇనుపధాతువు అందకపోవుట కారణము కావచ్చును.

వాన వెలిసిన మరునాడు గడ్డిపై బూడిద చల్లినట్లు పొడి కనబడి కొందరు భయపడుదురు. వ్రేలితో తుడిచినప్పుడు పొడి పోయి క్రింద ఆకు పచ్చగా నున్నచో అది హాని లేని జిగురుబూజు. చీపురుతో దులిపిన చాలును. పుట్టగొడుగులు వలయముగా లేచినచో నేలలో పాతబడిన మొద్దు లేక వేరు కుళ్లుచున్నదని తెలియవలెను. దానిని త్రవ్వి తీసివేయవలెను. ఆ పుట్టగొడుగులను పిల్లలు ముట్టకుండ, తినకుండ చూడవలెను.

అనుమానమున్నప్పుడు

జబ్బుపడిన గడ్డికి, ఆరోగ్యముగా నున్న గడ్డికి నడుమ సరిహద్దు నుండి అరచేయి యంత ముక్కను, రెండంగుళముల మట్టితో, వేళ్లతో సహా తీయవలెను. పూర్తిగా చచ్చిన గడ్డిలో పరీక్షకు పనికివచ్చునదేదియు మిగులదు. తడిపిన కాగితముతో కలిపి ప్లాస్టిక్ సంచిలో ఒక రాత్రి యుంచినచో శిలీంధ్రముండిన మరునాటికి బూజు పెరుగును. ఇది ఇంటివద్ద చేయదగిన పరీక్ష. శాస్త్రజ్ఞులకు చూపుటకు వేరొక ముక్కను తీసి, తడి లేని వార్తాపత్రికలో చుట్టి, ఆ దినముననే అందజేయవలెను. జగ్గయ్యపేట వద్ద గరికపాడులో కృషి విజ్ఞాన కేంద్రము కలదు. గరిక పేరే ఊరి పేరైన చోట గరికకు వైద్య సలహా లభించుట మనకు అనుకూలమైన విషయము. గ్రామములోని రైతు సేవా కేంద్రపు సిబ్బంది ద్వారా కూడ అధికారుల సలహా పొందవచ్చును.

మందుకు ముందు చేయవలసినవి

1. నీరు పోవు దారి. ప్రతి 100 అడుగులకు కనీసము ఒక అడుగు వాలు ఉండవలెను. చుట్టును కాలువ త్రవ్వి, దానిని ఊరి మురుగుకాలువలో గాక వాననీటి కాలువలో కలుపవలెను. మిరపనారును ఎత్తు మళ్లపై పోయు రైతునకు దీని అవసరమును వేరుగ చెప్పనక్కరలేదు. గుంటలున్న చోట ముతక ఇసుక, చివికిన పశువుల ఎరువు, మట్టి కలిపి పలుచని పొరలుగా పూడ్చవలెను.

2. నీరు పెట్టు వేళ. వానలు లేని వారములలో నీరు పెట్టవలసివచ్చినచో తెల్లవారుజామున పెట్టవలెను. సాయంకాలము పెట్టిన నీరు రాత్రియంతయు ఆకుపై నిలిచి తెగులును పిలుచును. నేల తడి చూచిన పిదపనే నీరు పెట్టవలెను.

3. మంచు దులుపుట. ఇద్దరు మనుష్యులు పొడుగాటి త్రాటిని ఇరువైపుల పట్టుకొని ఉదయము పచ్చికపై ఈడ్చినచో ఆకులమీది నీటిబొట్లు రాలి, తడి గంటలు తగ్గును. దీనికి పైసా వ్యయము లేదు. అయితే పిథియం కనబడిన చోట ఈ పని చేయరాదు. త్రాడే తెగులును మోసికొనిపోవును.

4. కోత. తడి గడ్డిని కోయరాదు. ఒక కోతలో గడ్డి ఎత్తులో మూడవ వంతుకు మించి తీయరాదు. వానకాలమున గరికను ఒకటిన్నర, రెండంగుళముల ఎత్తున ఉంచవలెను. ముందు ఆరోగ్యముగా నున్న భాగమును, చివర జబ్బు భాగమును కోసి, యంత్రమును కడుగవలెను. జబ్బు గడ్డిని ప్రోగుచేసి దూరముగా పూడ్చవలెను.

5. గాలి, ఎండ. క్రిందికి వ్రాలిన కొమ్మలను నరికించవలెను. త్రొక్కుడు వలన గట్టిపడిన చోట నేల కొంత ఆరినప్పుడు గునపముతో జానెడు దూరమునకొక రంధ్రము నాలుగంగుళముల లోతున చేసి, ఇసుకను, చివికిన ఎరువును నింపవలెను.

6. ఎరువు. ముసురు దినములలో యూరియా వేయరాదు. నాణెపు మచ్చ, తుప్పు అని నిర్ధారణ యైనప్పుడు మాత్రము వాన లేని దినమున సెంటు నేలకు 200 గ్రాముల యూరియాను ఇసుకతో కలిపి చల్లి, వెంటనే నీరు పెట్టవలెను.

7. క్రొత్త పచ్చిక కొనునప్పుడు. కడియము నర్సరీలు మొదలైన చోట్ల నుండి తెచ్చు పచ్చిక చాపలను పరచుటకు ముందు తిరగవేసి చూడవలెను. వేళ్లు తెల్లగా నుండవలెను. కుళ్లువాసన యున్నవానిని త్రిప్పిపంపవలెను. పలువురు త్రొక్కు ఆటస్థలమునకు మన నాటు గరికయే మేలు. అది త్వరగా ప్రాకును, గాయమును తానే మాన్పుకొనును.

మందు తప్పనప్పుడు

పై పనులన్నియు చేసినను తెగులు ఆగనప్పుడు, అధికారుల సలహాపై మాత్రమే మందు వాడవలెను. గోధుమ మచ్చకు, తుప్పుకు ప్రోపికొనజోల్ లీటరు నీటికి 1 మిల్లీలీటరు. ఆకుమచ్చకు మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు, ఇవి పంటలపై శిలీంధ్రములకు వాడుకలోనున్న మోతాదులు. పిథియం నిజమైన శిలీంధ్రము కాదు, నీటిబూజుల వంశమునకు చెందినది. అందుచేతనే పాముపొడ మందు దానిపై పనిచేయదు. దానికి మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు 2 గ్రాములు వాడుదురు. ఒకే మందును మరల మరల వాడినచో తెగులు దానికి అలవాటుపడును.

ట్రైకోడెర్మా విరిడి అను మేలుచేయు శిలీంధ్రమును ముందు జాగ్రత్తగా వాడవచ్చును. 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీడలో తడి ఆరకుండ వారము పదిదినములుంచి, పలుచగా చల్లవలెను. రసాయన మందు చల్లిన వెంటనే దీనిని చల్లరాదు.

పాఠశాల ఆటస్థలములో మందు చల్లునప్పుడు పంచాయతీ బాధ్యత ద్విగుణము. సెలవు దినమున, గాలి లేని వేళ, చేతితొడుగులు, ముఖపు ముసుగు ధరించి చల్లవలెను. ద్వారమున హెచ్చరిక పలక కట్టవలెను. మందు పూర్తిగా ఆరి, సీసాపై సూచించిన వ్యవధి గడచువరకు పిల్లలను అనుమతింపరాదు. ఆ గడ్డిని పశువులకు మేపరాదు. వినాయక చవితికి గరిక కోయువారికి ఆ స్థలమును ముందుగా తెలుపవలెను. బావికి, చెరువునకు చేరువగా చల్లరాదు.

వరద వచ్చిపోయినప్పుడు

2023 జూలైలోను, 2024 సెప్టెంబరు ప్రారంభములోను మున్నేరు పొంగి ఐతవరము వద్ద జాతీయ రహదారిపై రాకపోకలు నిలిచిపోయిన సంగతి సభ్యులకు గుర్తుండును. అట్టి వరద తరువాత పచ్చికపై ఒండ్రు పేరుకొనును. ఎండి గట్టిపడకముందే పారలతోను, నీటితోను దానిని తొలగింపవలెను. ఒండ్రు క్రింద గడ్డికి గాలి అందదు. నేల ఆరిన తరువాత గునపపు రంధ్రములు వేయవలెను. వరద తగ్గిన వెంటనే ఎరువు వేయరాదు. క్రొత్త వేళ్లు కనబడువరకు వేచియుండవలెను.

కార్తెల వారీ పని

రోహిణి కార్తెలో కాలువల పూడిక తీయవలెను. ట్యాంకు పొంగునీటి గొట్టమును, కుళాయిల కారుదలను సరిచూడవలెను. మృగశిరలో గుంటలు పూడ్చి, ట్రైకోడెర్మా కలిపిన ఎరువు చల్లవలెను. ఆరుద్ర నుండి పుష్యమి వరకు వారమునకొకసారి ఉదయపు పరిశీలన చేయవలెను. ఆశ్లేష, మఘ, పుబ్బ కార్తెలలో ముసురు ఎక్కువ. ప్రతి మూడవ దినమున చూడవలెను, యూరియా ముట్టరాదు. ఉత్తర, హస్తలలో చచ్చిన చోట గరిక తీగలు నాటవలెను. చిత్త కార్తెలో ఆ యేటి మచ్చలను ఆటస్థలపు పటముపై గుర్తించి పంచాయతీ కార్యాలయములో భద్రపరుపవలెను. మరుసటి యేడు తెగులు తరచు ఆ గుంటలలోనే మొదలగును గనుక, ఆ పటము ఏ మందు సీసా కంటెను విలువైనది.

సభ్యులారా, పచ్చిక రక్షణకు పెద్ద ధనము కాదు, ముందుచూపు కావలెను. రాబోవు సమావేశములో ఒక సభ్యునికి ఉదయపు పరిశీలన పనిని అప్పగింపుడు. ఒక ఉపాధ్యాయుని, ఇద్దరు పెద్దపిల్లలను వెంటనుంచుడు. వానకు తడిసిన మరునాటి ఉదయము ఆటస్థలము చుట్టు ఒక్కమారు నడచి, నీరు ఎచట నిలిచినదో, ఎచటికి పోవుచున్నదో చూచి వ్రాసికొనుడు. మీ ఊరి పచ్చికకు అదియే మొదటి చికిత్స.